నల్ల పట్టీలో ఎండ

"సోమవారం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు యాడున్నావు పాపా?"

"ఆ రూములనే ఉన్న మేడమ్."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"ఫోను?"

"ప్రమీలమ్మ మేడమ్ టేబుల్ మీద పెట్టి పోయిన. లోపలికి తీస్కపోవద్దు. రూల్."

"రెండో ఫోను?"

స్వరూప తలెత్తి చూసింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లలో మొదటిసారి కోపం కనిపించింది. "ఉన్న ఒక్క ఫోనుకు అద్దం పలిగి ఆరు నెలలాయె. అదే మార్పించలే. రెండోది యాడికెల్లి వస్తది?"

ఈరమ్మ నవ్వలేదు. నవ్వడానికి సమయం లేదు. మధ్యాహ్నం రెండు కావడానికి పది నిమిషాలున్నాయి. నాలుగున్నరకు యూనివర్సిటీలో కమిటీ కూర్చుంటుంది. స్వరూపను సస్పెండ్ చేసే ఉత్తరం ఇప్పటికే టైపయి ఉంది. ఆ వెనకే పోలీసు ఫిర్యాదు. ఒక్కసారి సంతకాలు పడితే ఈ అమ్మాయి పీహెచ్‌డీ అక్కడితో సరి, రేపటి రాత్రి ఎక్కడ పడుకుంటుందో కూడా చెప్పలేం.

ఈరమ్మ ఇరవై రెండేళ్లు పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో పనిచేసి, ముందే రిటైర్మెంటు తీసుకుని, తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ మీది గదికి 'ప్రైవేట్ డిటెక్టివ్' బోర్డు తగిలించుకున్న మనిషి. వెనక పోర్షన్‌లో ఉండే ప్రమీలమ్మ యూనివర్సిటీ పరీక్షల సెక్షన్‌లో సూపరింటెండెంట్. పొద్దున ఈ పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "అక్కా, గీ పిల్ల చేసే పని కాదిది. నువ్వే చూడాలె" అని కూర్చోబెట్టి పోయింది.

విషయం చిన్నది. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు రెండు ప్రశ్నపత్రాలు తయారయ్యాయి. అసలుది సెట్ ఎ. ఏదైనా అయితే వాడడానికి సెట్ బి. రెండింటికీ తెలుగు పాఠం టైపు చేసింది స్వరూప. మంగళవారం సాయంత్రం సెట్ ఎ మొదటి పేజీ ఫోను గ్రూపుల్లోకి ఎక్కింది. కంప్యూటర్ తెరను ఫోనుతో తీసిన ఫొటో అది. తెర పైమూల గడియారం స్పష్టంగా ఉంది. సోమవారం, 11:12. ఆ సమయంలో ఆ గదిలో ఉన్నది స్వరూప ఒక్కతే. రిజిస్టర్‌లో సంతకం ఆమెదే. కంప్యూటర్‌లో లాగిన్ కూడా ఆమెదే.

"ఇంకొకటుంది" అంది ఈరమ్మ. "సెక్యూరిటీ కన్సల్టెంటు గిరీష్ రిపోర్టు రెండో పేజీలో రాసినాడు. నువ్వు ఇక్కడే ఏదో కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్తావంట. ఫెలోషిప్ తీసుకుంటూ బయట పని చెయ్యగూడదు కదా?"

స్వరూప చున్నీ కొసను మెలిపెట్టింది. "చెయ్యద్దు. అయినా చేస్తున్న. మంచి కారణమే ఉన్నది మేడమ్, కాని అది చెప్పేంత టైం మీకు లేదు."

ఈ పిల్లకు తెలివి ఉందని ఈరమ్మ ఆ క్షణంలో నిర్ణయించుకుంది.

"సోమవారం పోయినావా?"

"పోయిన. రెండింటికి మిషన్ మీద వేలిముద్ర పెట్టిన. ఐదు కావస్తుండంగ మళ్ల పెట్టి బయటికొచ్చిన. గట్ల పెడితేనే హాజరు."

వేలిముద్ర! ఈరమ్మ ఆ మాటను కాగితం మీద రాసి చుట్టూ గీత గీసింది. ఇప్పటికి పనికిరాదు. ఫొటో పదకొండింటిదైతే మధ్యాహ్నం రెండింటి వేలిముద్ర ఎవరికి కావాలి?

"ఆ పొద్దు ఆ రూములో కొత్తగా ఏమైనా జరిగిందా? చిన్నదైనా చెప్పు."

"ఏం లేదు మేడమ్... స్క్రీన్ ఒకసారి గుడ్డిగ అయి మళ్ల వచ్చింది. వచ్చినాంక కింద వేలెడంత నల్ల పట్టీ ఉండిపోయింది. పాత మానిటర్ గద, పోతున్నదేమో అనుకున్న. పన్నెండింటికి ప్రమీలమ్మ మేడమ్ తలుపు కొడితే లాక్ చేసి లేచిన. స్క్రీన్ నల్లగయింది. వచ్చేసిన."

"లాక్ అంటే?"

"మళ్ల తెరవాలంటే పాస్‌వర్డ్ కొట్టాలె."

"అయిందా లాకు?"

"నల్లగయింది మేడమ్."

"నేనడిగింది అది కాదు పాపా."

స్వరూప లాక్ చేసే మీటలను గాల్లోనే ఒకసారి నొక్కి చూసుకుంది.

ఈరమ్మ తన ఫోనులో ఆ ఫొటోను పెద్దది చేసింది. ప్రశ్నలు, పైన గడియారం, అడుగున నల్ల పట్టీ. చేతిసంచిలోంచి పాత భూతద్దం తీసి పట్టీ మీద పెట్టింది. నలుపులో నాలుగు పలుచని ఏటవాలు గీతలు. వాటిలో ఒకదాని కొస మెరిసే పిడిలాంటి దేనికో తగులుతోంది.

"లెయ్. నీ స్కూటీ ఉందా? నాది మెకానిక్ దగ్గరుంది."

*

2:50.

కాన్ఫిడెన్షియల్ రూముకు రెండు తాళాలు. స్వరూప వరండాలోనే ఉండిపోయింది. ప్రమీలమ్మ ఒకే గుత్తిలోంచి రెండు చావీలు తీసి రెండూ తెరిచింది.

ఈరమ్మ ఆగిపోయింది. "రెండు తాళాలు ఇద్దరి దగ్గర ఉండాల కదా ప్రమీలా?"

ప్రమీలమ్మ ముఖం చిన్నబోయింది. "ఉండాలె అక్కా. ఒకటి నాతాన, ఒకటి కోఆర్డినేటర్ రాంచందర్ సార్‌తాన. నాకు మోకాళ్ల నొప్పులు. సారు పై అంతస్తుల కూసుంటడు. ఒక చావీ కోసం దినాం నాలుగుసార్లు మెట్లెక్కుడు దిగుడు నాతోని కాలే. 'రెండూ నా డ్రాయర్‌లనే ఉండనియ్, నీకు కావాలంటే అటెండర్‌తోని పంపిస్త' అన్నడు. ఇద్దరం ఒప్పుకున్నం. రిజిస్టర్‌ల మాత్రం రెండు సంతకాలు పెడతం."

"అంటే ఆ డ్రాయరు తెరిచినోళ్లకు ఈ గది తెరిచినట్టే."

"గట్ల అనకక్కా. గుండె దడదడ అంటున్నది."

"ఆంటీ, ఆమెను భయపెట్టకండి. కేసు క్లోజ్ అయింది." గుమ్మంలో గిరీష్. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతికి నల్లని వాచీ. ముప్పై దాటలేదు. "మీరు వస్తారని తెలిసి కాపలాకొచ్చా. ఏదీ ముట్టుకోవద్దు."

"ముట్టుకునే ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది గిరీషా. కూర్చోవచ్చా?"

"కూర్చోండి. కుర్చీకి పాస్‌వర్డ్ లేదు."

ఈరమ్మ కూర్చుంది. ఎదురుగా మానిటర్ ఆర్పి ఉంది. నల్లని అద్దంలో ఆమె ముఖం, భుజం పక్కన వెనకనున్న స్టీలు బీరువా. బీరువా మసగ్గా ఉంది. దాని మీద గీతలూ లేవు, మెరుపులూ లేవు. పడమటి గోడకు ఎత్తున ఒక వెంటిలేటర్. దానికి అయిదు గాజు పలకలు, వాటి మధ్య నాలుగు సందులు.

"నీ రిపోర్టులో నల్ల పట్టీ గురించి ఏం రాసినావు?"

"డిస్‌ప్లే గ్లిచ్ అని రాశా. తెరలో లోపం."

"పట్టీలో గీతలు?"

"అవీ గ్లిచ్చే. పట్టీ ఎట్లాగో, గీతలూ అట్లాగే."

"గ్లిచ్చు బీరువా పిడిని గూడ గీస్తుందా?"

గిరీష్ ఫోను తీసి ఫొటో చూశాడు. పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. "అది... ట్యూబ్‌లైట్ రిఫ్లెక్షన్ అయ్యుండొచ్చు."

"వేసి చూద్దాం. ప్రమీలా, లైటు వెయ్యి."

ట్యూబ్‌లైట్ వెలిగింది. నల్లని తెరలో పైన ఒక్క తెల్ల కడ్డీ. అడుగున ఏమీ లేదు.

"ఇంకెంతసేపు కూర్చుంటారు?"

"సూర్యుడు వచ్చేదాకా."

"ఆంటీ, నాకు మూడున్నరకు కాల్ ఉంది."

"పో నాయనా. నువ్వు పోయినాక ఏదన్నా ముట్టుకుంటానేమో అని నీకే భయం."

గిరీష్ పోలేదు. గుమ్మానికి ఆనుకుని వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. మూడయింది. మూడూ పది. ప్రమీలమ్మ రెండుసార్లు మంచినీళ్లు తాగింది. ఈరమ్మ కదలకుండా తెరలోకే చూస్తూ కూర్చుంది.

3:18. తెరలోని బీరువా అంచు మీద సన్నగా ఒక గీత మొలిచింది.

3:22. మూడు గీతలు.

3:26. నాలుగు. వెంటిలేటర్ సందుల్లోంచి ఎండ ఏటవాలుగా బీరువా మీద పడి, అక్కడి నుంచి తెర నలుపులోకి దిగుతోంది. గీతలు మెల్లగా పిడి వైపు జరుగుతున్నాయి.

"గిరీషా, నా భుజం మీదుగా ఒక ఫొటో తియ్యి. నీ ఫోనుతోనే. తరువాత నా ఫోనులో మాయ చేసినానని అనగూడదు."

3:29కి గీత కొస పిడికి తగిలింది. గిరీష్ ఫొటో తీశాడు. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. అతని దవడ బిగుసుకోవడం ఈరమ్మకు తెరలోనే కనిపించింది.

"తెర వెలుగుతున్నంతసేపు అద్దంలా కనబడదు" అంది ఆమె. "ఆ పట్టీ నల్లగా ఉంది కాబట్టి అంతమేరకు అద్దమైంది. ఫొటో తీసినోడు ప్రశ్నలు చూసుకున్నాడు గాని పట్టీని చూసుకోలేదు. ఫొటో తీసింది మూడు ఇరవై తొమ్మిదికి. అప్పటికి ఆ పిల్ల తార్నాకలో వేలిముద్ర పెట్టి గంటన్నరయింది."

"మరి గడియారం?" గిరీష్ గొంతు పెంచాడు. "ఆంటీ, ఆ కంప్యూటర్ టైం నేనే చెక్ చేశా. సెకనుతో సహా కరెక్ట్. తెర మీద 11:12 అని రాసి ఉంటే కమిటీ దాన్ని నమ్ముతుందా, మీ బీరువానా? బీరువాను సాక్షిగా పిలుస్తారా?"

ఆ దెబ్బ తగిలింది. అతను చెప్పింది నిజం. గడియారం ఎందుకు అబద్ధమాడిందో చెప్పలేకపోతే ఎండ గీతలు చేతబడి కిందే లెక్క.

"అది ఆన్ చెయ్యి" అంది.

గిరీష్ మానిటర్ వెలిగించాడు. లాగిన్ తెర శుభ్రంగా, నిండుగా ఉంది.

"నల్ల పట్టీ యాడ?"

గిరీష్ వంగి తెర అడుగు అంచును వేలితో తడిమాడు.

"సోమవారం పాడైన తెర ఇప్పటికి తనంత తనే బాగయిందా? బాగుచేసినోళ్లు ఎవరు?"

"ఈ మెషిన్‌కు ఇంటర్నెట్ లేదు" అన్నాడు గిరీష్ నెమ్మదిగా. "ఒకే ఒక్క తీగ ఉంది. టెక్నీషియన్ దేవేందర్ రూములో సర్వర్‌కు. అతన్ని నేను అడిగా. ఏమీ ముట్టుకోలేదని రాసిచ్చాడు."

"నువ్వు కాగితం అడిగినావు. నేను మనిషిని అడుగుతా."

*

దేవేందర్ గది అదే అంతస్తులో, నడిమి ఖాళీ స్థలానికి అవతలి వరండాలో ఉంది. గది నిండా యంత్రాల హోరు. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న టెక్నీషియన్. నలభై దాటిన మనిషి. ఈరమ్మను చూడగానే లేచి కుర్చీ తుడిచాడు. అవసరం లేని పని అది. కుర్చీకి దుమ్ము లేదు.

"కూసోండ్రి అమ్మా. చాయ్ తెప్పిస్త."

"సోమవారం పదకొండు గంటలకు ఏం చేసినావు దేవేందర్?"

"నేనా? గీడనే ఉన్న."

"ఉన్నావని తెలుసు. ఏం చేసినావని అడిగినా."

"ఏం చేస్త? ప్రింటర్లు గిట్ల..."

"పదకొండు పన్నెండుకు అవతల తెర గుడ్డిదయింది. తిరిగి వచ్చేసరికి నల్ల పట్టీ. గడియారం అక్కడే నిలబడిపోయింది. అవునా?"

దేవేందర్ చేతిలోని గుడ్డ ఆగింది. గడియారం నిలబడిపోయిందన్న మాట ఈరమ్మ చీకట్లో విసిరిన రాయి. తగిలిన చప్పుడు అతని ముఖంలో వినిపించింది.

"మీకెట్ల ఎర్క?"

"నువ్వే చెప్పినావు ఇప్పుడు."

అతను గోడ వైపు తిరిగాడు. ఇటు తిరగకుండానే చెప్పాడు. "శనివారం స్వరూప ఫోన్ చేసింది. 'అన్నా, తెలుగుల ఒత్తులు అక్షరం కింద పడుతలేవు, పక్కకు పోతున్నయ్, పేపర్ గట్లనే ప్రింటయితే పరువు పోతది' అన్నది. ఉన్న సాఫ్ట్‌వేర్ పాతది. కొత్తదాంట్ల సరిచేసిండ్రు. కాని అది ఇంకా అన్‌స్టేబుల్‌ల ఉన్నది."

"అంటే?"

"స్టేబుల్ అంటే పరీక్షలు అయిపోయి పాసయినయి. అన్‌స్టేబుల్ అంటే ఇంకా పరీక్ష రాస్తున్నయి. నేను ఒత్తులకు సంబంధించిన ఒక్కటే దించుదామనుకున్న. అది ఒక్కటి రాదు. వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, మొత్తం డెస్క్‌టాపే లాక్కచ్చింది. పిల్ల పని చేస్తుండంగనే కింద నుంచి అన్నీ మారిపోయినయి. గప్పుడే పట్టీ వచ్చింది. గడియారం బొమ్మ గాడనే ఆగింది. లోపల టైం సరిగనే నడుస్తది, బొమ్మ మాత్రం మారదు."

"తాళం? పాస్‌వర్డ్ తాళం?"

"అది గూడ పనిచెయ్యలే. స్క్రీన్ నల్లగయితది. పడ్డదనుకుంటం. మౌస్ కదిపితే పాస్‌వర్డ్ అడగకుంటనే తెరుసుకుంటది. నాలుగు గంటలకు నేను ఇక్కడికెల్లి చూసి, గుండె జారి, అంతా పాతదానికి మళ్లిచ్చిన. ఎవ్వలికి చెప్పలే."

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, మౌస్ కదిపిన ప్రతి చేతికీ స్వరూప పేరుతో రెండు ప్రశ్నపత్రాలూ తెరిచి పెట్టి ఉన్నాయి. గడియారం 11:12 చూపిస్తూనే ఉంది.

"ఇదే మాట నాలుగున్నరకు కమిటీలో చెప్పు."

"నా నౌకరి పోతదమ్మా." ఈసారి తిరిగి చూశాడు. "రాతపూర్వకంగ ఆర్డర్ లేకుంట ఆ మెషిన్‌ను ముట్టద్దని సర్క్యులర్ ఉన్నది. తొమ్మిదేండ్ల సంది పర్మనెంట్ కోసం ఎదురుచూస్తున్న. ఫైలు రాంచందర్ సార్ టేబుల్ మీదికి వచ్చింది, గీ నెలనే. నేను నోరు తెరిస్తే అది గాడనే ఆగుతది."

"తెరవకపోతే ఆ పిల్ల పోలీసు స్టేషన్‌కు పోతుంది. నిన్ను 'అన్నా' అని పిలిచి ఒత్తులు సరిచెయ్యమని అడిగిన పిల్ల."

దేవేందర్ గుడ్డను మడిచి బల్ల మీద పెట్టాడు. ఈరమ్మ బతిమాలలేదు. ఇన్నేళ్లలో ఎంతమందినో చూసింది. లాగి తెచ్చిన సాక్షి గుమ్మంలోనే మాట మారుస్తాడు.

"రెండో అంతస్తు, మీటింగ్ హాలు" అని మాత్రం చెప్పి లేచింది. అప్పటికి 4:10.

*

కమిటీకి అధ్యక్షురాలు డీన్ సుష్మ. ఆమె కుడిపక్క కోఆర్డినేటర్ ప్రొఫెసర్ రాంచందర్, ఎడమపక్క మరో ఇద్దరు. స్వరూపకు కుర్చీ వెయ్యలేదు. గోడ పక్కన నిలబెట్టారు.

గిరీష్ తన రిపోర్టు చదివాడు. మధ్యాహ్నం ఉన్న దూకుడు గొంతులో లేదు. చివర్న, కాగితంలో లేని ఒక వాక్యం కలిపాడు: "ఈరమ్మ గారు ఒక అభ్యంతరం చెప్తున్నారు. అది వినాలని నా సలహా."

ఈరమ్మ రెండు ఫొటోలూ బల్ల మీద పెట్టి, ఎండ సంగతి చెప్పింది. డీన్ శ్రద్ధగానే విన్నారు. రాంచందర్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"బీరువా మీద ఎండను చూసి యూనివర్సిటీ నడవదమ్మా. రేపు పొద్దున పదింటికి సెట్ బితోని పరీక్ష. పదకొండు వేల మంది పిల్లలు రాస్తరు. కాచిగూడ లాడ్జీలన్నీ నిండి ఉన్నయ్. ఇప్పుడు మనం వెంటిలేటర్లు చూసుకుంట కూసుందామా?"

"ఆ గడియారం ఆగిపోయింది సార్" అంది ఈరమ్మ.

"ఎవరన్నరు?"

ఈరమ్మ తలుపు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. 4:39. డీన్ నిట్టూర్చి సస్పెన్షన్ ఉత్తరం ముందుకు లాక్కున్నారు. పెన్ను మూత తీశారు. గోడ పక్కన స్వరూప కళ్లు మూసుకుంది.

తలుపు తెరుచుకుంది. చంకలో లాప్‌టాప్, చేతిలో తీగతో దేవేందర్. పరిగెత్తుకొచ్చాడేమో, రొప్పుతున్నాడు.

"మేడమ్, గడియారం నేనే ఆపిన. బుద్ధిలేక. చూపిస్త."

రాంచందర్ లేచాడు. "దేవేందర్, నిన్ను ఇక్కడికి రమ్మన్నది ఎవరు?"

"ఎవ్వలు రమ్మనలే సార్. నేనే వచ్చిన."

"చూపించనివ్వండి" అన్నారు డీన్.

దేవేందర్ లాప్‌టాప్‌ను గోడలోని తీగకు తగిలించి, తన గదిలోని సర్వర్‌కు కలిపాడు. ప్రొజెక్టర్ వెలిగింది. కాన్ఫిడెన్షియల్ రూము కంప్యూటర్‌కు అచ్చంగా నకలు. పైమూల గడియారం 4:44. అతను అదే అప్‌డేట్ మళ్లీ ఇచ్చాడు.

రాంచందర్ వాచీ చూసుకున్నాడు. "మేడమ్, ఇది ఎంతసేపు నడుస్తదో. అవతల సెట్ బి బండిల్స్ వ్యాన్‌లకు ఎక్కించాలె. నేను లేకుంటే వాళ్లు కదలరు. సంతకానికి పిలవండి, వస్త." ఫోను చేతిలో పట్టుకుని వెళ్లిపోయాడు.

తెర ఒక్కసారి గుడ్డిదయింది. తిరిగి వెలిగింది. అడుగున వేలెడు వెడల్పున నల్ల పట్టీ. గడియారం 4:46.

అందరూ ఎదురుచూశారు. గోడ గడియారం 4:47కి వచ్చింది. తెర మీద 4:46. గోడ మీద 4:49. తెర మీద 4:46.

"లాక్ చేస్తున్న, చూడుండ్రి." దేవేందర్ రెండు మీటలు నొక్కాడు. తెర నల్లబడింది. మౌస్ కదిపాడు. అది పాస్‌వర్డ్ అడగలేదు. అంతా తెరుచుకుని ఎదురుగా నిలబడింది.

డీన్ పెన్ను మూత పెట్టారు. "కూర్చో అమ్మా" అన్నారు స్వరూపతో. స్వరూప కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనన్నట్టు గోడను పట్టుకుంది.

గిరీష్ తెర దగ్గరికి నడిచాడు. "దేవేందర్, సోమవారం పాతదానికి మళ్లించే ముందు, చెడిపోయిన స్థితికి కాపీ ఏమైనా ఉంచావా?"

"ఉంచిన. ఎందుకు చెడిందో నిమ్మళంగ చూసుకుందామని. సర్వర్‌ల ఉన్నది. అదొక్కటే కాపీ."

"తెరువు. మధ్యాహ్నం ఏ ఫైళ్లు తెరిచారో, ఏ టైముకో జాబితా ఉంటుంది. బొమ్మ గడియారం ఆగినా లోపలి టైం ఆగదన్నావుగా."

జాబితా తెర మీదికి వచ్చింది. ఎనిమిది వరుసలు. గిరీష్ పైనుంచి చదవడం మొదలుపెట్టి, రెండో వరుస దగ్గర ఆగిపోయాడు.

సెట్ ఎ, 3:29.

దాని కింద సెట్ బి, మొదటి భాగం, 3:30. రెండో భాగం, 3:32. మూడోది, నాలుగోది... ఏడో భాగం, 3:44.

"సెట్ ఎ దగ్గర ఒక్క నిమిషం" అన్నాడు గిరీష్. "సెట్ బి మీద పావుగంట. ఆంటీ..."

"చూసినా." ఈరమ్మ లేచి నిలబడింది. "మేడమ్, సెట్ ఎలో ఒక్క పేజీ తీసి, దాన్ని కావాలనే బయట పారేసినారు. అది బయటపడితే మీరేం చేస్తారో వాళ్లకు తెలుసు. సెట్ బి తీస్తారు. సెట్ బి మొత్తం సోమవారమే వాళ్ల చేతిలో ఉంది."

డీన్ ముఖంలో రక్తం లేదు. "రేపటి పరీక్ష..."

"సెట్ బి పెడదామని మొదట ఎవరన్నారు?"

డీన్ కుడివైపు తిరిగారు. రాంచందర్ కుర్చీ ఖాళీగా ఉంది.

"మేడమ్!" స్వరూప అరిచింది. ఆమె డీన్‌ను చూడటం లేదు. తెరను చూస్తోంది.

జాబితాలో చివరి వరుస మాయమైంది. చూస్తుండగానే దాని పై వరుస కూడా.

"నేను ముట్టలే!" దేవేందర్ రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. "ఇటు కాదు, అటు సర్వర్‌ల ఎవలో తుడుస్తున్నరు!"

మరో వరుస పోయింది. మిగిలినవి అయిదు. ఆ ఫైలు 3:29కి తెరిచారని, తెరిచింది స్వరూప కాదని చెప్పే రాతసాక్ష్యం లోకంలో అదొక్కటే, అది ఆమె కళ్ల ముందే కరిగిపోతోంది. నాలుగు. అందరికన్నా ముందు కదిలింది ఆ అమ్మాయే. ఒక్క గంతులో బల్ల చేరి, గోడలోని తీగను పట్టుకుని లాగేసింది.

తెర బిగుసుకుపోయింది. నాలుగు వరుసలు మిగిలాయి. సెట్ ఎ, సెట్ బిలో మూడు భాగాలు, వాటి పక్కన సమయాలు. గిరీష్ ఫోను తీసి ఫొటో తీశాడు. చాలదన్నట్టు ఇంకొకటి తీశాడు.

"నీ రూముకు తాళం వేసినావా దేవేందర్?" అడిగింది ఈరమ్మ.

"వెయ్యలేదమ్మా. మీటింగ్ అయిపోతదేమో అని ఉరికిన."

ఈరమ్మ అప్పటికే కిటికీ దగ్గరుంది. అవతలి వరండాలో దేవేందర్ గది తలుపు మూసి ఉంది. కింద వాకిట్లో రెండు వ్యాన్లు. మొదటి వ్యాన్ వెనక రాంచందర్ నిలబడి, అట్టపెట్టెలు ఒక్కొక్కటిగా తాకుతూ గట్టిగా అంకెలు చెబుతున్నాడు. రెండు చేతులూ, మనిషీ పూర్తిగా కళ్ల ముందున్నాయి.

దేవేందర్ ఆమె పక్కకు వచ్చి కిందికి చూశాడు. తరువాత అవతలి వరండాలోని తన గది తలుపును చూశాడు.

"సారు గీడ కింద ఉంటే," అన్నాడు, "పైన నా కుర్చీల కూసున్నది ఎవలమ్మా?"